మేక గుండెకాయ డిసెక్షన్: స్ట్రా దూరదు, కవాటం నీళ్ళు ఆపదు. ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: హైస్కూల్ బయాలజీ టీచర్

అందరికీ నమస్తే. పదో తరగతి ప్రసరణ పాఠంలో గొర్రె గుండెనో మేక గుండెనో తెచ్చి, నాళాల్లో స్ట్రాలు దూర్చి, కోసి లోపలి నిర్మాణం చూపించే ప్రయోగం ఉంది కదా, వచ్చే వారం అది చేయించాలి. పిల్లలు 42 మంది. ముందుగా ఒక గుండె తెచ్చి ప్రయత్నిస్తే ఏదీ కుదరలేదు.

షాపులో ఇచ్చిన గుండెకు అప్పటికే రెండు గాట్లు ఉన్నాయి. పైన నాళాలు మొదలంటా కోసేశారు, మిగిలిన కన్నాల్లో ఏది ధమనో ఏది సిరో తెలియలేదు. లోపలంతా నల్లటి రక్తపు గడ్డలు. స్ట్రా ఒకదాంట్లో సులువుగా దిగింది, ఇంకోదాంట్లో సగంలోనే ఆగిపోయింది. పై నుంచి నీళ్ళు పోస్తే కవాటం ఆపుతుందనుకుంటే బడబడా కిందికి కారిపోయాయి. నిలువునా రెండు ముక్కలు చేస్తే బొమ్మలోలాగా నాలుగు గదులు కనబడలేదు, కండ ముద్దలా ఉంది.

ఇంకో సందేహం. పుస్తకంలో బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని) చాపం, అంటే పైన వంగిన భాగం, మీద మూడు శాఖలు ఉంటాయి. దీనికి ఒకటే కనిపించింది. అది కూడా షాపులో తెగిపోయిందా? ల్యాబులో పాత ఫార్మలిన్ సీసా ఒకటుంది, గుండెలు రెండ్రోజుల ముందే తెచ్చి అందులో వేసి ఉంచితే పని తేలికవుతుందా?

జవాబు 1: జువాలజీ లెక్చరర్

మేడం, ఈ ప్రయోగంలో సగం పని మటన్ షాపు దగ్గరే తేలిపోతుంది. రక్తం కారిపోవడానికీ, కూరకు శుభ్రంగా ఉండటానికీ వాళ్ళు గుండెకు గాటు పెట్టి, పైనున్న గొట్టాలు చెక్కేసి ఇస్తారు. వాళ్ళ లెక్కలో అది సరైన పనే. అందుకే ముందు రోజు సాయంత్రమే చెప్పి పెట్టుకోవాలి: "గుండెకాయకు గాటు పెట్టొద్దు, పైన గొట్టాలు రెండంగుళాలు ఉంచాలి, చుట్టూ ఉన్న పొర, కొవ్వు తీయొద్దు." ఇంకా మంచిది, ఊపిరితిత్తులు, గాలిగొట్టం, గుండె కలిపి ఒకే గుత్తిగా ఇమ్మనడం. అప్పుడు పుపుస సిరలు, అంటే ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చేవి, తెగకుండా ఉంటాయి, గుండెకూ ఊపిరితిత్తులకూ ఉన్న లంకె పిల్లలకు కళ్ళారా కనిపిస్తుంది. ఆదివారం పొద్దున షాపులో మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. శనివారమో మంగళవారమో వెళ్తే బేరం తక్కువగా ఉంటుంది, చెప్పింది చెప్పినట్టు చేసి ఇస్తారు. తీసుకునేటప్పుడు అక్కడే తిప్పి చూసుకోండి. గాటు పడినవాటిని కూడా రెండు తీసుకోండి, అడ్డంగా కోసి చూపడానికి పనికొస్తాయి.

ఇంటికి తెచ్చాక చన్నీళ్ళతో కడగాలి. వేడినీళ్ళు పోస్తే రక్తం ఉడికి గోడలకు అతుక్కుంటుంది, ఇక వదలదు. కుళాయి నీటి ధారను సిరల వైపు నుంచి లోపలికి పంపి, గుండెను అరచేతిలో మెల్లగా పిసుకుతూ ఉంటే గడ్డలు ధమనుల లోంచి బయటికొస్తాయి. పెద్ద గడ్డలను వేలితోనో మొద్దు ఫోర్సెప్స్‌తోనో లాగండి. మొనదేరినవాటితో గెలికితే కవాటం చిరుగుతుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, ఒక్కో గుండెకు పది నిమిషాలు పడుతుంది. మీకు కవాటం నీళ్ళు ఆపకపోవడానికి మొదటి కారణం గాట్లు, రెండోది ఈ గడ్డలు. కవాటపు రేకుల మధ్య చిన్న ముక్క ఇరుక్కున్నా అవి మూసుకోవు.

బ్లేడు తీయకముందే ముందువైపు ఏదో, ఎడమ ఏదో తేల్చుకోవాలి. ముందువైపు కొవ్వుతో నిండిన గాడి ఒకటి ఏటవాలుగా దిగుతుంది, గుండె కండకు రక్తం అందించే కరోనరీ నాళాలు అందులోనే ఉంటాయి. గాడికి రెండు పక్కలా నొక్కి చూడండి. గట్టిగా, బిగువుగా ఉన్నది ఎడమ జఠరిక (కింది గది; పై గది కర్ణిక). మెత్తగా నొక్కుకుపోయేది కుడిది. కింది మొన మొత్తం ఎడమ జఠరికదే. గుండె ముందువైపు మనకు ఎదురుగా పెట్టుకుంటే దాని ఎడమ మన కుడిచేతి వైపు వస్తుంది, పిల్లలు ఇక్కడే తికమక పడతారు. ట్రే అంచుల మీద 'గుండె ఎడమ', 'గుండె కుడి' అని చీటీలు అంటించేస్తే సగం గొడవ తీరిపోతుంది.

నాళాలను ఇలా పట్టుకోండి. కోసినా మూతి గుండ్రంగా తెరుచుకునే ఉండి, గోడ మందంగా, తెల్లగా, రబ్బరు గొట్టంలా ఉంటే బృహద్ధమని. దాని ముందు అడ్డంగా వచ్చేది, గోడ కాస్త పలచనిది, పుపుస ధమని. చప్పబడిపోయి తడి కాగితంలా అతుక్కునేవి సిరలు. వెనకవైపు కుడి కర్ణికలోకి రెండు బృహత్సిరలు తెరుచుకుంటాయి. పైదాంట్లో స్ట్రా పెడితే కింది దాంట్లోంచి బయటికొస్తుంది.

స్ట్రా సగంలో ఆగిపోయిందంటే మీరు దాన్ని ధమని పై నుంచి దించుతున్నట్టే. ధమని మొదట్లో ఉండే అర్ధచంద్రాకార కవాటంలో ప్రతి రేకూ పైకి నోరు తెరిచిన జేబు. రక్తం ఎదురు వస్తే నిండి మూసుకోవడానికే అలా ఉంది. స్ట్రా కొన ఆ జేబులో దిగుతుంది. బలవంతం చేస్తే రేకు చిరిగి, ఆ తరువాత నీటి పరీక్ష కూడా పోతుంది. స్ట్రాను నాళం నడిమధ్యలో ఉంచి, మెల్లగా తిప్పుతూ దించాలి. కర్ణికలోంచి జఠరికలోకి అయితే అడ్డేమీ ఉండదు, రక్తం పోయే దారి అదే కదా. ఏ వైపు నుంచి సులువుగా దిగిందో, ఏ వైపు నుంచి ఆగిందో పిల్లల చేతనే రాయించండి. కుడివైపు నీలం స్ట్రాలు, ఎడమవైపు ఎర్రవి వాడితే బోర్డు మీద బొమ్మతో కలుస్తుంది.

కోత. నిలువునా రెండు ముక్కలు చేయొద్దు, ముద్దలా కనిపించడానికి కారణం అదే. బ్లేడు విభాజకం (కుడి ఎడమల మధ్య గోడ) వెంట దిగి గదుల మూల మాత్రమే తెరుస్తుంది. కత్తెరతో చేయాలి, మొద్దు మొన ఉన్న అంచు లోపలికి.

కుడివైపు: పుపుస ధమని మూతిలోంచి కత్తెర దించి, గాడికి సెంటీమీటరు ఎడంగా కుడి జఠరిక వైపే ఉంటూ, ముందు గోడను కిందిదాకా కోయండి. గది తలుపులా తెరుచుకుంటుంది. పూర్తిగా విప్పేముందు ఆగి లోపలికి చూడండి. విభాజకం నుంచి ఎదుటి గోడకు దారంలా ఒక కండ పట్టీ వేలాడుతుంది, మాడరేటర్ బ్యాండ్ అంటారు. మేకలో, గొర్రెలో స్పష్టంగా ఉంటుంది. తొందరపడితే అదే మొదట తెగుతుంది.

ఎడమవైపు: ఎడమ కర్ణిక చెవిలాంటి భాగంలోంచి మొదలుపెట్టి, ఎడమ అంచు వెంట తిన్నగా మొనదాకా. ఈ దారిలో వెళ్తే కత్తెర రెండు పాపిల్లరీ కండరాల (జఠరిక గోడ నుంచి పొడుచుకొచ్చిన కండలు) మధ్యగా పోతుంది, వాటి నుంచి కవాటానికి కట్టిన తెల్ల దారాలు, స్నాయు రజ్జువులు, చెక్కుచెదరవు. వేలితో మీటితే వీణ తీగలా బిగువుగా ఉంటాయి. తరువాత అగ్రద్వయ కవాటంలో (ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న రెండు రేకుల కవాటం) విభాజకం వైపున్న రేకు కిందుగా పెన్సిల్ పెట్టి పైకి తోయండి, బృహద్ధమని లోంచి బయటికొస్తుంది. ఎడమ జఠరికకు బయటి దారి ఎక్కడని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

గోడలను స్కేలుతో కొలిపించండి. కుడిది మూడు నాలుగు మిల్లీమీటర్లుంటే ఎడమది సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది.

జవాబు 2: పశువైద్య విభాగం

మూడు శాఖల సంగతి. షాపులో ఏమీ తెగలేదు. మేక, గొర్రె, ఆవు లాంటి నెమరువేసే జంతువుల్లో బృహద్ధమని చాపం నుంచి తలకూ ముందుకాళ్ళకూ ఒకే ఒక పెద్ద కాండం బయలుదేరి, ఆ పైన చీలుతుంది. మూడు శాఖలు మనిషికి. పుస్తకంలో ఉన్నది మనిషి గుండె, ట్రేలో ఉన్నది మేకది, ఈ తేడా ముందే చెప్పేస్తే సరి. కుడి కర్ణికలో కూడా బృహత్సిరల రెండు కన్నాలు కాక మూడోది ఒకటి కనబడుతుంది, కరోనరీ సైనస్, గుండె గోడల రక్తం తిరిగి వచ్చే చోటు. ఈ జంతువుల్లో ఛాతీ గోడ నుంచి వచ్చే ఎడమ అజైగస్ సిర కూడా అందులోకే వస్తుంది కాబట్టి అది కాస్త పెద్దగానే ఉంటుంది. పిల్లలు దాన్ని చిల్లు అనుకుంటారు.

బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్య వేలితో తడిమితే పొట్టి, గట్టి పట్టీ ఒకటి దొరుకుతుంది. గర్భంలో ఉన్నప్పుడు ఊపిరితిత్తులను తప్పించి రక్తం పోయిన దారి అది, పుట్టాక మూసుకుపోయి నారలా మిగిలింది. కొవ్వు మొత్తం గీకేస్తే ఇది కూడా పోతుంది.

ఫార్మలిన్ వద్దు. పదో తరగతి గదిలో అసలే వద్దు. ఆ ఆవిరి కళ్ళకూ గొంతుకూ మంట, అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలినదే. పైగా అందులో ఉంచిన గుండె గట్టిపడుతుంది, కవాటాలు తోలులా బిరుసెక్కి నీటి పరీక్షకు పనికిరావు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర మూత బిగించిన డబ్బాలో ఒక రోజు ఉంచితే చాలు. నిజానికి కోసిన రోజుకంటే మర్నాడే పని బాగా సాగుతుంది. జంతువు చచ్చిన కొద్దిసేపటికే గుండె కండ బిగుసుకుపోతుంది, ఎడమ జఠరిక గది సన్నని చీలికలా మిగులుతుంది. మర్నాటికి సడలుతుంది. రెండ్రోజులు దాటేట్టుంటే గడ్డకట్టించి, ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరగనివ్వండి. బయట ఎండలో కరిగిస్తే పైన కుళ్ళి లోపల మంచుగడ్డలా ఉంటుంది.

ఊపిరితిత్తులు కలిపి తెస్తే ఒక జాగ్రత్త. ఊపిరితిత్తి మీదో, కార్జం మీదో గోళీకాయంత, నిమ్మకాయంత తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే అవి హైడాటిడ్ తిత్తులు (ఒక రకం బద్దెపురుగు పిల్లదశ) కావచ్చు. కోయొద్దు, పక్కన పెట్టేయండి. ఆ తిత్తిని ముట్టుకుంటే మనిషికి రోగం రాదు. దాన్ని తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, ఆ కుక్క మలంలోని గుడ్లు మన చేతికీ నోటికీ చేరితే వస్తుంది. అందుకే మిగిలిన ముక్కలు బడి బయట కుక్కలకు వేయొద్దు. అలవాటుగా అందరూ చేసేది అదే. రెండడుగుల లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి, పూడ్చి, పైన రాయి పెట్టండి.

గాలిగొట్టంలో నోటితో ఊది ఊపిరితిత్తులు ఉబ్బించే పని కూడా వద్దు. సైకిల్ పంపుకు రబ్బరు గొట్టం తగిలించి, ఊపిరితిత్తులను పారదర్శకమైన పెద్ద కవరులో ఉంచి మెల్లగా కొట్టండి. కోసేటప్పుడు ఎక్కడో చిల్లు పడి ఉంటుంది, తుంపర్లు మొహాన పడతాయి, కవరు అందుకు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు సార్. ఇంకో రెండు. బళ్ళలో డిసెక్షన్ నిషేధమని ఒకరిద్దరు తోటి టీచర్లు అంటున్నారు, నిజమేనా? 42 మందితో 45 నిమిషాల పీరియడ్‌లో ఇది అవుతుందా?

జవాబు 3: ప్రభుత్వ పాఠశాల, సైన్సు ల్యాబ్ బాధ్యతలు

వాళ్ళనేది బహుశా 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన ఆదేశం గురించి. విశ్వవిద్యాలయాలు, కాలేజీల్లో జువాలజీ కోర్సులకు కప్పల్లాంటి జంతువులను తెచ్చి కోయడం ఆపమన్నది అది. తిండి కోసం కోసిన మేక నుంచి షాపులో కొన్న అవయవం వేరే సంగతి, ఈ ప్రయోగం పాఠ్యపుస్తకంలోనే ఉంది. అయినా హెడ్మాస్టరు గారి అనుమతి కాగితం మీద తీసుకోండి, తల్లిదండ్రులకు వారం ముందు డైరీలో రాసి పంపండి. మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలుంటారు. వాళ్ళను బలవంతం చేయొద్దు, అలాగని బయట కూర్చోబెట్టొద్దు. కొలతలు రాసే పని, బొమ్మ గీసే పని, స్ట్రాల లెక్క వాళ్ళకివ్వండి. ముట్టుకోకుండా చేసే ఆ పనే నిజానికి కష్టం. కార్తీక మాసంలో, శ్రావణంలో పెట్టుకోకపోతే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు.

ఒక్క పీరియడ్‌లో అవదు. రెండు పీరియడ్లు కలపాలి. ఏడుగురు చొప్పున ఆరు గుంపులు, ఆరు గుండెలు, మీకొకటి. మొదటి 25 నిమిషాలు బయటి గుర్తింపు, స్ట్రాలు, నీటి పరీక్ష. ఈ సమయంలో బల్ల మీద బ్లేడు, కత్తెర అసలు ఉండకూడదు, ఉంటే ఎవరో ఒకరు కోసేస్తారు. తరువాత గుంపుకొక కత్తెర ఇచ్చి, మీ బల్ల దగ్గర మీరు ఒక కోత కోసి చూపించాక వాళ్ళు అదే కోత. మళ్ళీ ఆగాలి. ఇలా వెళ్తే అరగంటలో రెండు వైపులూ అయిపోతాయి. మిగిలిన సమయమంతా కడగడానికి. ఎంత పెట్టుకున్నా చాలదు.

లెక్చరర్ గారితో ఒక దగ్గర విభేదిస్తాను. అడ్డకోతను గాటు పడిన గుండెకు వదిలేయమన్నారు. గది వెనకాల కూర్చున్నవాడికి కూడా అర్థమయ్యేది అదొక్కటే. మంచి గుండె ఒకదాన్ని దానికే కేటాయించండి. మొనకూ కర్ణికలకూ సరిగ్గా మధ్యలో, పొడవాటి కత్తితో ఒక్క లాగుడులో, రొట్టె కోసినట్టు కోయాలి. ఎడమ జఠరిక గుండ్రంగా మందపు గోడతో, దాన్ని నెలవంకలా చుట్టుకుని కుడి జఠరిక. రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే అంచు చీలికలై ఆ నెలవంక పోతుంది. ఈ కోత టీచరే కోయాలి.

గుండె జారుతుంది. కొవ్వు మీద బ్లేడు పక్కకు పోయి, పట్టుకున్న వేళ్ళ మీదికే వస్తుంది. ముక్కను పాత తువ్వాలు ముక్కతో అద్ది, ట్రే కింద తడి గుడ్డ వేసి, కోసేచోటుకి ఎదురుగా చెయ్యి పెట్టకుండా చూసుకోవాలి. గ్లౌజులు అందరికీ. చేతి మీద పుండు, గాయం ఉన్నవాళ్ళకు రాసే పనే. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళు కళ్ళు తిరిగి పడతారు, మధ్యాహ్న భోజనం అయ్యాక పీరియడ్ పెట్టుకోండి. కిటికీలు తెరిచి ఉంచండి.

కడిగేటప్పుడు ముందు సబ్బునీళ్ళతో కొవ్వు, రక్తం పూర్తిగా పోవాలి. ఆ తరువాతే క్లోరిన్. రక్తం మిగిలి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తాజా బ్లీచింగ్ పౌడరు 30 గ్రాములు లీటరు నీటికి కలిపితే దాదాపు ఒక శాతం ద్రావణం వస్తుంది. పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఎక్కువసేపు ఉంచితే కత్తెరలు తుప్పు పడతాయి. మూత తీసి ఏడాదైన పౌడరులో క్లోరిన్ పెద్దగా మిగలదు. బ్లీచింగ్ పౌడరులో బాత్రూమ్ యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, ఆయమ్మకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. కోసిన గుండెలు కూరకు ఎవరూ పట్టుకెళ్ళకూడదు, ఇది కూడా చెప్పాల్సిందే.

జవాబు 4: పశువైద్య విభాగం

పై మాటకు అనుబంధం. తరువాతి విసర్జన పాఠంలో మూత్రపిండం కోస్తారు కదా, అక్కడా ఇదే బొమ్మ గొడవ వస్తుంది. పుస్తకంలో మూత్రపిండం లోపల చాలా పిరమిడ్లు (త్రికోణాకారపు భాగాలు) ఉంటాయి. మేక, గొర్రె మూత్రపిండంలో అవన్నీ కలిసిపోయి లోపల ఒకే గట్టులా ఉంటాయి. ఉబ్బెత్తు వైపు నుంచి నొక్కు వైపుకు సరిగ్గా నడిమధ్యగా కోస్తే ఆ గట్టు కనిపిస్తుంది, కాస్త పక్కగా కోస్తే విడివిడి పిరమిడ్లలా భ్రమ కలుగుతుంది. షాపులో గుర్దా అని అడిగి, కొవ్వు తీయకుండా ఇమ్మనండి. కొవ్వుతో పాటే మూత్రనాళం పోతుంది.

ప్రశ్న వేసినవారు

ఈరోజు గాటు లేని గుండె దొరికింది, శుభ్రంగా కడిగాను. బృహద్ధమనిలో నీళ్ళు పోస్తే నిలిచాయి! మూడు రేకులు కలిసి నక్షత్రంలా కనిపించాయి. కానీ నీటి మట్టం నెమ్మదిగా తగ్గుతోంది, కవాటం కారుతున్నట్టా? అగ్రద్వయ కవాటం మాత్రం ఎడమ కర్ణిక లోంచి నీళ్ళు పోస్తే మూసుకోవడం లేదు.

జవాబు 5: జువాలజీ లెక్చరర్

కవాటం కారడం లేదు మేడం. రేకులకు కాస్త పైన, బృహద్ధమని గోడలో రెండు చిన్న కన్నాలుంటాయి, కరోనరీ ధమనులు అక్కడే మొదలు. నీళ్ళు వాటిలోకి పోతున్నాయి. గుండె తన రక్తం తాను తెచ్చుకునే చోటు అది, పిల్లలకు చూపించండి. కన్నంలో పలచటి ఊలుసూది మొద్దు వైపు దూర్చి, బయటి గాడి మీద వేలుపెడితే సూది కదలిక తెలుస్తుంది.

అగ్రద్వయ కవాటం పై నుంచి పోసే నీళ్ళకు మూసుకోదు, తెరుచుకుంటుంది. కింది నుంచి ఒత్తిడి రావాలి. మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్ ఒకటి, 50 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి తీసుకోండి. ఎడమ కర్ణిక పైకప్పు మాత్రం కత్తిరించి తీసేయండి, కవాటం పై నుంచి కనబడేలా. గొట్టాన్ని బృహద్ధమని లోంచి, అర్ధచంద్రాకార కవాటం దాటించి ఎడమ జఠరికలోకి దించి, ధమని చుట్టూ గట్టి దారంతో గొట్టాన్ని కలిపి రెండు ముడులు వేయండి. కట్టు వదులైతే నీళ్ళు పైకే వచ్చేస్తాయి. ముందు జఠరికను నీళ్ళతో నింపి గాలి బుడగలు పోనివ్వాలి, తరువాత గొట్టానికి తగిలించిన సిరంజిని మెల్లగా నొక్కాలి. రెండు రేకులూ గాలిపటంలా ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుంటాయి, కింద స్నాయు రజ్జువులు బిగుసుకుంటాయి. సిరంజి వెనక్కి లాగితే తెరుచుకుంటాయి. అయిదారుసార్లు చేయొచ్చు.

ఇంతా చేసి ఒక చిన్న కత్తెరతో ఒక్క పాపిల్లరీ కండరానికున్న దారాలన్నీ తెంపి, మళ్ళీ నొక్కండి. రేకులు ఆ వైపున కర్ణికలోకి తిరగబడి నీళ్ళు పైకి చిమ్ముతాయి. దారాలు ఎందుకున్నాయని ఇక ఎవరూ అడగరు. ఇది పీరియడ్ చివర్లోనే, మీ గుండె మీదే చేయండి. ముందే చూపిస్తే ఆరు గుంపులూ కత్తెరలు ఎత్తుతాయి.